అలుగమ్మ ఒళ్ళో ఆకు

దగ్గరికి జరగండి పిల్లలూ. పైడిరాజూ, ఆ గోడకి ఆనుకున్నావంటే సగం కథలోనే నిద్రపోతావు, ఇలా ముందుకి రా. చంద్రకళా, చెల్లెల్ని ఒళ్ళో కూచోబెట్టుకో. ఆ, ఇంక వినండి.

ఒక పెద్ద అడవిలో పెద్దపులి రాజుగా ఉన్న రోజుల్లో ఒక కబురొచ్చింది. కొండ అవతలి అడవిలో నీతి శాఖ అని ఒకటి పెట్టారట. పదవిలో ఉన్నవాళ్ళు తప్పు చేస్తే, ఎందుకు చేశావని అడిగే శాఖట అది.

"మనకి లేదా అది?" అని అడిగారు రాజుగారు.

"లేదు ప్రభూ. ఇంతవరకు అవసరం పడలేదు," అన్నాడు ప్రధాన కార్యదర్శి కొండముచ్చు.

"అవసరం లేకపోతే మానె, శాఖ మాత్రం ఉండాలి. వాళ్ళకుండి మనకి లేకపోతే ఏం బావుంటుంది?"

పది రోజుల్లో శాఖ వెలిసింది. అందులో రెండు విభాగాలు. ఒకటి నీతి చెప్పే విభాగం. దానికి నలభై చిలకలు. పొద్దున్నే కొమ్మలెక్కి "వంతు తప్పరాదు, ఒకరి నోటిది లాగరాదు" అని అరిచి, ఆ వెంటనే ఒకే జామకాయ కోసం నలభయ్యీ పొడుచుకునేవి. రెండోది నీతిని అమలు చేసే విభాగం. దానికి ఒక బండరాయి కుర్చీ, ఒక గుమస్తా. కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ కుర్చీలో ఎవరిని కూచోబెట్టాలని పెద్దలంతా సమావేశమయ్యారు.

"రేచుకుక్కని వేద్దామా?" అన్నాడు కొండముచ్చు.

"వద్దు వద్దు, అది వాసన పట్టిందంటే వదలదు," అన్నాడు కోరయ్య. కోరయ్యంటే అడవిపంది, నల్లరాతి మడుగుకి పెద్ద. నీళ్ళు ఎవరు ఎప్పుడు తాగాలో చెప్పే పదవి అతనిది.

"పోనీ ముంగిస?"

"అది అసలే వద్దు. పాముతోనే రాజీ పడని మనిషి, మనతో పడుతుందా?"

అంతా తలలు గోక్కున్నారు. కొండముచ్చు తోక ఒళ్ళోకి లాక్కుని మెల్లిగా అన్నాడు: "అలుగమ్మ ఉంది కదా."

 అందరి మొహాలూ వెలిగాయి.

మీరు అలుగుని చూసి ఉండరు. పెంకుటింటి కప్పులాగా ఒళ్ళంతా పొలుసులు. చీమలు, చెదపురుగులు తిని బతుకుతుంది. ఒకళ్ళ జోలికి పోదు. ఎవరైనా కాస్త గట్టిగా దగ్గితే చాలు, తల పొట్టలో దూర్చేసి, చుట్టూ తోక బిగించేసి బంతిలా అయిపోతుంది. అందులోనూ అలుగమ్మ మరీను. ఎండుకొమ్మ విరిగినా ముడుచుకునేది.

"అంతకంటే మంచి అధికారి మనకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు కోరయ్య. "నేను ఒకసారి గుర్రుమంటే కేసు అయిపోయినట్టే."

కొండముచ్చు రెండు నిబంధనలు కూడా రాశాడు. ఒకటి, ఫిర్యాదు టేకాకు మీద ఉండాలి, ఆకు లేనిదే కేసు లేదు. రెండు, ఆ ఆకు మీద అధికారి ముద్ర పడి విచారణ తేలేదాకా, ఫిర్యాదు పడ్డవాడు పదవికి దూరంగా ఉండాలి.

రెండోది వినగానే కోరయ్య ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటయ్యా, మన మెడకి మనమే ఉరి తగిలించుకోవడం?"

"పక్క అడవి వాళ్ళకి చూపించుకోడానికి అలాంటిది ఒకటుండాలి బాబూ. గుమస్తా ఎవరో చూశావా నువ్వు?"

గుమస్తా గంటయ్య. ఊరి మందలోంచి తప్పిపోయి వచ్చిన మేకపోతు. మెడలో ఇంకా ఆ గంట ఉంది.

కోరయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

ఉత్తర్వు రాసిన ఆకు అందుకున్న అలుగమ్మకి మాత్రం ఇదేమీ తెలియదు. ఆ ఆకుని నాలుగుసార్లు చదువుకుంది. చిన్నప్పటినుంచీ తనని చూసి నవ్వనివాళ్ళు లేరు. ఎలుగు పిల్లలు తనని దొర్లించి ఆడుకునేవాళ్ళు. అలాంటిది, ఇంత పెద్ద కుర్చీ వెతుక్కుంటూ వచ్చింది. "ఒక్క పని," అనుకుంది మనసులో. "నా జన్మలో ఒక్క పనైనా ముడుచుకోకుండా పూర్తిచేస్తే చాలు."

మొదటి రోజు కుర్చీలో సర్దుకుని కూచుని, "గంటయ్యగారూ, పాత ఫిర్యాదులేమైనా ఉంటే తెస్తారా?" అంది.

"అవి పరిశీలనలో ఉన్నాయమ్మా," అన్నాడు గంటయ్య, నెమరేస్తూ.

"ఎవరి పరిశీలనలో?"

"నా పరిశీలనలోనే. నిన్నటివి ఒకసారి అయ్యాయి, ఇప్పుడు రెండోసారి చూస్తున్నాను."

అలుగమ్మ అతని దవడల వైపు చూసి, తన ఉత్తర్వు ఆకుని ఒళ్ళోకి లాక్కుంది.

అది నడివేసవి. వాగులన్నీ ఎండిపోయాయి. అడవి మొత్తానికి నల్లరాతి మడుగు ఒక్కటే దిక్కు. తెల్లవారకముందే కోరయ్య తన బంధుబలగాన్ని వెంటేసుకుని అందులో దిగేవాడు. దొర్లి, పొర్లి, మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే తీసి, పొద్దు వాలాక లేచేవాడు. అప్పటికి మిగిలేది బురద. వానలకి ఇంకా ఇరవై రోజులుంది.

నాలుగో రోజు చుక్కమ్మ అనే దుప్పి టేకాకు నోట కరుచుకుని వచ్చింది. ఆకు మీద మొత్తం మంద గిట్టల గుర్తులు.

"కూచో తల్లీ," అంది అలుగమ్మ.

"కూచుంటే లేవలేనమ్మా. మూడు రోజులైంది నీళ్ళు తాగి. మందలో ముసలివాళ్ళు ఇద్దరు నిన్నే పడిపోయారు. నువ్వు ఏమీ చెయ్యలేవని అందరూ అన్నారు. అయినా వచ్చాను."

"మరి ఎందుకొచ్చావు?"

"ఇంకెక్కడికి పోను?"

ఆ మాట అలుగమ్మకి ఎక్కడో తగిలింది. నిబంధన ప్రకారం కోరయ్యకి కబురు పంపింది: ఫిర్యాదు పడింది కనక, తేలేదాకా మడుగు వైపు రావద్దని.

అతను మడుగు వదిలి తిన్నగా ఆఫీసుకే వచ్చాడు. వెనకే కొండముచ్చు.

"ఏమయ్యా గంటయ్యా, ఆకు ఇంకా అరగలేదా?"

"నా చేతికి రాలేదండి. అమ్మగారే పట్టుకున్నారు," అంటూ గంటయ్య మెడ చాచాడు.

అలుగమ్మ ఆకుని గుండెకి హత్తుకుంది. "నేనింకా చదవడం పూర్తికాలేదండీ," అంది. అప్పటికింకా ముడుచుకోలేదు.

"చదువుతావా? మాకు చదువు చెబుతావా?" అని కోరయ్య కోరలు బండకి రుద్దుతూ గుర్రుమన్నాడు.

అంతే. తల లోపలికి, కాళ్ళు లోపలికి, తోక చుట్టూ. కుర్చీ మీద గుండ్రటి పొలుసుల ముద్ద.

కోరయ్య విజయగర్వంతో కొండముచ్చు వైపు తిరిగాడు. "చెప్పానా? అయిపోయింది."

కొండముచ్చు కుర్చీ కింద చూశాడు. కుర్చీ వెనక చూశాడు. గంటయ్య నోరు తెరిపించి చూశాడు.

"ఆకేదయ్యా?" అన్నాడు.

ఆకు లోపల ఉంది.

కొండముచ్చు పొలుసుల సందులో వేళ్ళు పెట్టి లాగాడు. వేళ్ళు కోసుకున్నాయి. కోరయ్య కోరతో ఎత్తబోయాడు. కోర జారింది. ఒళ్ళుమండి ఒక్క తోపు తోశాడు. అలుగమ్మ కుర్చీ మీంచి దొర్లి, గుమ్మం దాటి, దిబ్బ దిగి, దారిలో చిలకల విభాగం మధ్యలోంచి పోయి, తిన్నగా నల్లరాతి మడుగు గట్టున ఆగింది. కోరయ్య వెంటపడి వచ్చి, మడుగు కనబడగానే ఆదమరిచి ఒక కాలు నీళ్ళలో పెట్టాడు.

"ఆగండి," అన్నాయి గట్టు మీది దుప్పులు, మెల్లిగా. "మీ మీద ఆకు ఉంది కదండీ."

నలుగురూ చూస్తున్నారు. కోరయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఆకు పోయిందని రాసేద్దామా అని ఆలోచించారు. కానీ అది అధికారి దగ్గర భద్రంగా ఉందని అడవంతా చూసింది. ఆమెనే తీసేద్దామా అన్నాడు కోరయ్య. తీసేసే ఉత్తర్వు ఆమె చేతికే ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. చెయ్యి లోపలుంది. అన్ని ఉత్తర్వులకీ ఉన్న ఆ పాత నిబంధన కూడా కొండముచ్చు రాసిందే.

ఏనుగుని పిలిచారు.

"ఒక్కసారి ఇలా కాలు వేస్తే చాలు మావా, విచ్చుకుంటుంది," అన్నాడు కోరయ్య.

"వేస్తాను, దానికేం. ఉద్యోగంలో ఉన్న అధికారి మీద కాలు వెయ్యమని నువ్వు రాసి, కింద నీ ముద్ర వేసి ఇయ్యి," అంది ఏనుగు.

కోరయ్య కొండముచ్చు వైపు చూశాడు. కొండముచ్చు ఆకాశం వైపు చూశాడు. ఏనుగు కాసేపు ఆగి, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

చివరికి రాజుగారినే తీసుకొచ్చారు. ఆయన గట్టు మీద నిలబడి, కొండలు దద్దరిల్లేలా గాండ్రించారు. నలభై చిలకలూ కొమ్మల మీంచి రాలాయి. అలుగమ్మ ఇంకాస్త బిగుసుకుంది. ఇందాకటిదాకా కొబ్బరి ఈనె పట్టేంత సందు ఉండేది, అదీ మూసుకుపోయింది.

లోపల, చీకట్లో, అలుగమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది. "మళ్ళీ ముడుచుకున్నాను," అనుకుంది. "చుక్కమ్మకి మొహం ఎలా చూపించను?"

అప్పుడు ఒక చప్పుడు వినబడింది. నాలుకల చప్పుడు. ఒకటి కాదు, పది కాదు. మందకి మంద నీళ్ళు తాగుతున్న చప్పుడు. మధ్యలో చుక్కమ్మ గొంతు: "మెల్లిగా తాగు నాయనమ్మా, పొలమారుతుంది. ఎవరూ రారులే, అమ్మగారు గట్టు మీదే ఉన్నారు."

అలుగమ్మ చాలాసేపు ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే, ఆమె భయం రెండో రోజుకే పోయింది. అయినా విప్పుకోలేదు.

ఆకలి వేసింది. కొండముచ్చు అది కనిపెట్టి, చెదపురుగులు కిటకిటలాడే పుట్ట ఒకటి పెళ్ళగించి తెచ్చి ముందు పెట్టాడు. "అలుగమ్మగారూ, మనలో మాట. ఒక ముద్ర వేసి ఆకు ఇటిచ్చేస్తే, ఇలాంటివి రోజుకొకటి," అన్నాడు. పుట్ట వాసన పొలుసుల్లోంచి లోపలికి పోయింది.  అంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, కాస్త సడలిన సందులోంచి మూరెడు నాలుక బయటికొచ్చింది. పుట్టని ముట్టకుండా పక్కనుంచి పోయి, దారినపోయే చీమల్ని నాలుగింటిని తీసుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో పక్క అడవి వాళ్ళు మన నీతి శాఖని చూడ్డానికి వచ్చారు. గట్టు మీద బంతిలా ఉన్న అధికారిని, మడుగుకి వంద గజాల అవతల, బంధువులు నోటితో తెచ్చే గుక్కెడు నీళ్ళతో ఎండలో రొప్పుతున్న కోరయ్యని, వరసలో నీళ్ళు తాగుతున్న కుందేళ్ళని చూశారు.

"మా దగ్గర ముగ్గురు తోడేళ్ళని వేశాంగానీ ఇంత కట్టడి లేదు ప్రభూ. ఈవిడని ఎలా ఎంచారు?" అని అడిగారు.

రాజుగారు మీసాలు దువ్వుకున్నారు. "చాలా ఆలోచించి ఎంచాం," అన్నారు. ఆ మాట అనేశాక ఆమెని తీసేయడానికి ఇంక ఆయనకి కూడా దారి లేకపోయింది.

ఇరవయ్యో రోజు మబ్బు పట్టింది. మొదటి చినుకు వీపు మీద పడగానే అలుగమ్మ మెల్లిగా విప్పుకుంది. చిక్కి సగమైంది. ఒళ్ళోని టేకాకు నలిగి వడిలిపోయింది కానీ, గిట్టల గుర్తులు ఒక్కటీ చెరగలేదు. గంటయ్య అలవాటుగా ఒక అడుగు ముందుకి వేసి, దుప్పులన్నీ ఒకేసారి తలలెత్తేసరికి ఆగిపోయాడు.

కోరయ్య పరుగున వచ్చాడు. తొక్క ఎండి పగిలింది, గొంతులో గుర్రు లేదు. "అమ్మా, తల్లీ. విచారణ తేలినట్టేనా? వేస్తావా ముద్ర?"

అలుగమ్మ ఆకుని రెండు చేతులతో పట్టుకుని ఒకసారి చదివింది. చుక్కమ్మని చూసింది. నీళ్ళు తాగి బతికిన ముసలి దుప్పుల్ని చూసింది. తరవాత కోరయ్యని చూసి, ఎంతో మర్యాదగా అంది:

"కోరయ్యగారూ, మరీ అంత దగ్గరికి రాకండి. నాకు కొంచెం భయంగా ఉంది."

కోరయ్య పది అడుగులు వెనక్కి వేశాడు.

ఆ ఆకు మీద ఇప్పటికీ ముద్ర పడలేదంటారు. మడుగు దగ్గర ఎవరి వంతు వాళ్ళకి అందుతోంది. పదవిలో ఉన్నవాళ్ళు అలుగమ్మ ఆఫీసు ముందునుంచి పోవలసివస్తే, ఎండుకొమ్మ విరగకుండా, దగ్గకుండా, మునివేళ్ళ మీద నడుస్తారు.

ఇందులో నీతి ఏమిటంటారా? పిరికివాళ్ళని ఏరికోరి అధికారులుగా వేసుకునేవాళ్ళు, ఆ పిరికితనం ఎంత గట్టిదో ముందుగా ఒకసారి తట్టి చూసుకోవాలి.

ఇంక లేవండి. అన్నాలు చల్లారిపోతున్నాయి, ఇళ్ళకి పోయి తినండి. పైడిరాజుని లేపండర్రా, ముందుకొచ్చి కూచుని కూడా ముడుచుకుని పడుకున్నాడు. మెల్లిగా లేపండి, గట్టిగా అరవకండి.