సబ్బుకు తోడు

ఆ మార్గశిరం ఉదయం పరదేశి అనుకున్న పని చాలా చిన్నది. ముందురోజు పోసిన సబ్బును పెట్టెలోంచి తీసి, బిళ్లలు కోసి, అరుగు మీద ఆరబెట్టాలి. ఆ తరవాత ఆ పక్కనే కూర్చుని, ఎవరైనా వస్తారేమోనని వీధిలోకి చూడాలి. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఈ రెండో పని కోసమే అతను మొదటి పని చేసేవాడు.

యుద్ధం రోజుల్లో రంగూన్ నుంచి కాలినడకన వచ్చి చోడవరంలో పడ్డాడు. దారిలోనే భార్య పోయింది. పన్నెండేళ్లయింది. ఆ ఇంటి గడప తొక్కేది సబ్బు కొనేవాళ్లే. "బిళ్లియ్యి పరదేశీ", "నురగ బాగొస్తందయ్యా" అనే ఆ నాలుగు మాటలే అతనికి చుట్టాలూ పక్కాలూనూ. సబ్బు ఆగితే అవీ ఆగిపోతాయి.

పెట్టె మూత తీసి చూశాడు. సబ్బు గంజిలా ఉంది! ఎండాకాలంలో పూటకే రాయయ్యే సరుకు ఇది. చలికి సీసాలో కొబ్బరినూనె కూడా తెల్లగా పేరుకుని కూర్చుంది. రంగూన్‌లో పని నేర్పిన మేస్త్రీ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది: "పాలకు తోడు వేసినట్టే, చలికాలం సబ్బుకీ పాత సబ్బు తురిమి తోడు వెయ్యాలి." తీరా వెతికితే ఇంట్లో పాత బిళ్ల ఒక్కటీ మిగల్లేదు.

పక్కింటి సన్యాసమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. పరదేశి గోడ దగ్గరికి పరిగెత్తాడు.

"అప్పా! ఈ సలికి తోడు లేక నానా అవస్తా పడతన్నాను. ఎక్కడైనా ఉంటే సూడవా?"

మాట్లాడే అలవాటు తప్పినవాడు కదా, 'సబ్బు' అన్న అసలు మాట గొంతులోనే ఉండిపోయింది.

సన్యాసమ్మ చెంబు కింద పెట్టేసింది. "ఓరి నాయనో! ఇన్నాళ్లకి నోరిప్పేవురా! మరి ఎలాటిది కావాలేటి?"

"పాతదైనా పర్లేదప్పా. గట్టిగా ఉండాల. మెత్తంది నాకొద్దు."

"బుద్ధిమంతుడివే. ఒకింట్లో మెసిలిందైతే?"

"ఓ, అరిగిందైనా పనికొస్తది. ఇయ్యాలే కావాల!"

"ఇయ్యాలేనా! హవ్వ!" అని నోరు నొక్కుకుని, చెంబు అక్కడే వదిలేసి ఆవిడ వీధిన పడింది.

ఇంకేముంది, పొద్దెక్కేసరికి ఇల్లంతా జనం! బయట ఈదురుగాలి అని అందరూ ఆ ఒక్క గదిలోనే ఇరుక్కుని తలుపులు వేశారు. ఎవరో పొయ్యి రాజేసి బెల్లం టీ పెట్టారు. తన సబ్బు కోసం ఊరు ఊరే కదిలిందనుకునేసరికి పరదేశికి కళ్లు చెమర్చాయి. వచ్చినవాళ్లను వచ్చినట్టు కూర్చోమన్నాడు. అంత ఆనందం అతను రంగూన్‌లో కూడా ఎరగడు.

మధ్యాహ్నానికి సన్యాసమ్మ కబురు మీద బుచ్చయ్యపేట నుంచి బండి వచ్చింది. అందులోంచి బంగార్రాజూ, మొగుడు పోయిన అతని చెల్లెలు నూకరత్నమూ దిగారు. సన్యాసమ్మ హడావుడిగా సబ్బుపెట్టె మూతమీద గొంగళి నాలుగు మడతలు పరిచి, నూకరత్నాన్ని దానిమీద కూర్చోబెట్టింది. నూకరత్నం గదంతా చూసి, చివరికి పరదేశిని చూసి, మెల్లిగా అడిగింది.

"మీరు తిన్నారా?"

పన్నెండేళ్లలో ఆ మాట అడిగిన మనిషి లేడు. పరదేశి లేదన్నట్టు తల ఊపాడు.

"ఇదిగోరా నీ తోడు!" అంది సన్యాసమ్మ గర్వంగా.

పరదేశి బంగార్రాజు చేతులకేసి చూశాడు. "బిళ్ల తెచ్చేరా?"

బంగార్రాజు మీసం లేచింది. "పుస్తెల బిళ్ల మగపెళ్లోరు తేవాల గానీ మేవెందుకు తెస్తావయ్యా?"

"పుస్తెలేటి? సబ్బు బిళ్ల! సబ్బుకి తోడు!"

గదిలో టీ తాగుతున్నవాళ్లంతా తలలు దించుకున్నారు. నూకరత్నం ఒక్కతే తల దించుకోలేదు.

"అయితే మీకు అక్కర్లేదా?"

కావాలి. అంతకన్నా అతనికి ఇంకేమీ అక్కర్లేదు. కానీ ఇరవై జతల కళ్లు మీద పడేసరికి మనిషి సిగ్గుతో బిగుసుకుపోయాడు. "నేనడిగింది... సబ్బుకండీ" అన్నాడు.

ఆవిడ లేచి, గొంగళి మడతపెట్టి, అన్నగారి వెనకే నడిచింది. "పిలిపించి పరువు తీసేవురా! ఇక నీ సబ్బు ముట్టుకుంటే ఒట్టు!" అని సన్యాసమ్మ దుమ్మెత్తిపోసింది. ఒట్టులో ఆవిడతో ఊరు కూడా చేరింది. బండి కదులుతుంటే వెళ్లి ఆపాలని పరదేశికి అనిపించింది. కాళ్లు మాత్రం కదల్లేదు.

ఖాళీ ఇంట్లో పెట్టె మూత తీశాడు. సబ్బు రాయిలా ఉంది! పగులు లేదు, మరక లేదు. గొంగళి కప్పూ, ఆవిడ కూర్చున్న వెచ్చదనమూ, పొయ్యీ, అంతమంది ఊపిరీ కలిసి, తోడు లేకుండానే దాన్ని గట్టిపరిచాయి. పరదేశి దాని ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నలభై బిళ్లలు అరుగు మీద ఆరబెట్టుకుని రోజూ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. ఆ చలికాలం చోడవరంలో అతనంత శుభ్రంగా స్నానం చేసిన మనిషి మరొకడు లేడు.