ఇరవైనాలుగు అంగుళాల నడుము

ఆడదాని నడుము ఎంత ఉండాలన్న సంగతిని బ్రహ్మదేవుడు తేల్చకుండా వదిలేశాడు. ఆ లోటును పందొమ్మిది వందల నలభైమూడులో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఉపసంఘం మూడే మూడు సమావేశాల్లో తీర్చేసింది.

ఉపసంఘంలో ముగ్గురూ మగవాళ్లే. ఒకాయన బ్రహ్మచారి. ఒకాయన భార్యను పదేళ్లుగా పార్వతీపురంలోనే ఉంచేసినవాడు. మూడో ఆయన కళ్లజోడు కోసం అర్జీ పెట్టుకున్నవాడు (ఇంకా మంజూరు కాలేదు). ఇంతకన్నా నిష్పక్షపాతమైన సంఘం దొరకడం కష్టం.

యుద్ధంవల్ల గుడ్డకు కరువొచ్చింది. ఆడవాళ్ల వెయిటింగ్ రూముకు కొత్తగా ఆయాను వేసుకోవాలి, ఆయాకు నీలం చొక్కా ఇవ్వాలి. మనిషికొక కొలతంటే గుడ్డ చాలదు. అందుకని చొక్కా ఒకే కొలతకు కుట్టాలనీ, ఆ కొలతకు ఒక చెక్క బొమ్మను చేయించి స్టోర్సులో నిలబెట్టాలనీ, గుండీలు పట్టని మనిషికి ఉద్యోగం ఇవ్వకూడదనీ తీర్మానించారు. (మనిషినిబట్టి చొక్కా కుట్టే పాత పద్ధతి దుబారా అని మినిట్స్‌లో రాసి ఉంది.)

బొమ్మ చేసే పని లోకో షెడ్డు వడ్రంగి ఆదినారాయణకు వచ్చింది. అతను లోలోపల ఎగిరి గంతేశాడు. అతని అప్ప (అక్క) అప్పయమ్మ మొగుడు పైడిరాజు, ఫైర్‌మన్, వైశాఖంలో డ్యూటీలోనే పోయాడు. ఇంట్లో ఎవరికీ ఉద్యోగం లేకపోతే రెండు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఆవిడ ఎక్కడికని పోతుంది? తమ్ముడు చూస్తే షెడ్డులోనే చాప పరుచుకునేవాడాయె. ఆ ఆయా ఉద్యోగం ఒక్కటే దారి.

"అప్పా, ఓపాలి ఇలా రా. నీ నడుం కొలవాలి," అన్నాడు నులకతాడు పట్టుకుని.

"ఏటిరా, మతిపోయిందేటి నీకు? బొమ్మకి నా నడుమేటి?"

"నీ కొలతకే సేసేత్తాను. అప్పుడు సొక్కా నీకే పడతాది. ఇంకెవులికి పడకపోతే మనకేటి?"

టేకంతా యుద్ధానికి పోయింది గనుక, పట్టాల కిందనుంచి తీసేసిన పాత స్లీపరు చెక్కలు ఇచ్చారు. ఆదినారాయణ వాటిని అతికించి, పది రోజులు ప్రాణం పెట్టి చెక్కాడు. ఇరవైతొమ్మిది అంగుళాల నడుము, ఇద్దరు పిల్లల్ని కన్న పొట్ట, నీళ్ల బిందెలు మోసి మోసి కొంచెం కిందికి జారిన కుడిభుజం. చూస్తే అచ్చం అప్పే. అతనికి భలే గర్వం వేసింది.

ఉపసంఘం బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. దాని కార్యదర్శి అయిన స్టోర్సు హెడ్‌క్లర్కు త్రినాథరావు మొహం చిట్లించాడు.

"ఇదేటయ్యా ఆదినారాయణా, ఎవరో మనిషిలాగున్నాది!"

"ఆడమనిషే కద బాబూ?"

"అచ్ఛా, ఆడమనిషే. కాదన్లేదు. కానీ ఇది నమూనా. నమూనాకి పొట్టుంటాదేటి?" అంటూ సొరుగులోంచి సబ్బు కంపెనీ క్యాలెండరు తీసి చూపించాడు. అందులోని సుందరికి పొట్టే కాదు, పేగులు పట్టే చోటు కూడా లేదు.

ఆదినారాయణ మళ్లీ చిత్రిక పట్టాడు. పొట్ట పోయింది, భుజం సమమైంది. నడుము దగ్గరికి వచ్చేసరికి లోపల పుచ్చు బయటపడింది. ఏళ్లతరబడి వానలో నానిన చెక్క మరి! పుచ్చు తీసేకొద్దీ నడుము సన్నబడింది. ఇరవైనాలుగు అంగుళాల దగ్గర గట్టి చెక్క తగిలింది. ఉపసంఘం చూసి, 'ఇదీ స్త్రీ అంటే' అని మురిసిపోయి, బొమ్మ మెడ వెనక ఎర్ర లక్కతో సీలు వేసింది. (ఆదర్శ స్త్రీ నడుము ఇరవైనాలుగే ఎందుకంటే చెక్క అక్కడిదాకా పుచ్చింది కాబట్టి. ఈ ముక్క మాత్రం మినిట్స్‌లో లేదు.)

చిత్రికపొట్టంతా గోనెలో పోసుకుని, ఆదినారాయణ దొంగలా అప్ప ఇంటికి వచ్చాడు. సంగతి చెప్పి తల వంచుకున్నాడు. ఆవిడ పొట్టును పొయ్యిలో వేసి ఊదింది.

"అయిదంగుళాలేనా? సెక్కని నువ్వు సెక్కేవు. నన్ను నేను సెక్కుకోలేనా?"

ఆ రోజునుంచి పిల్లలకు అన్నం, ఆవిడకు గంజి. పది రోజులయ్యాక ఆ గంజి కూడా ఒక్క పూటే. దవడలు పీక్కుపోయాయి. నడుము కొలిచే నులకతాడు మీద ముడి వారంవారం వెనక్కి జరిగింది.

"సచ్చిపోతావప్పా! నీకు దణ్ణం పెడతాను, తిను!" అని ఏడ్చాడు ఆదినారాయణ.

"సత్తే క్వార్టరు ఉండదురా. అంచేత సావను."

చొక్కా తొడిగే రోజు పదకొండుమంది ఆడవాళ్లు వచ్చారు. పదిమందికి గుండీలు పట్టలేదు. అప్పయమ్మకు ఆరు గుండీలూ పట్టాయి, పైగా వేలు దూరేంత చోటు మిగిలింది. తగిన ప్రోత్సాహం ఉంటే స్త్రీలు నమూనాను అందుకోగలరని త్రినాథరావు అక్కడికక్కడే మినిట్స్‌లో రాసుకున్నాడు. ఆదినారాయణ మూల నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఇక మిగిలింది వైద్య పరీక్ష. నీళ్ల బాల్చీ ఎత్తమన్నారు. అప్పయమ్మ ఎత్తింది, రెండడుగులు వేసింది, బాల్చీతో సహా కూలిపోయింది. డాక్టరు ఆవిడ కళ్లూ గోళ్లూ చూసి, 'ఈ కొలతలతో మనిషన్నవాడు పని చెయ్యలేడు' అని రాసిచ్చాడు.

"బాబూ, డాక్టరుబాబు కూడా అదే రాసేడు కదా! బొమ్మని మార్చండి. రెండు పూటలు తింటే మా అప్ప బాల్చీలేటి, బొగ్గుగంపలే మోసేత్తాది," అని ఆదినారాయణ త్రినాథరావు కాళ్లమీద పడ్డాడు.

త్రినాథరావు నిజంగానే నొచ్చుకున్నాడు. సీలు వేసిన నమూనాను ముట్టుకునే అధికారం తనకు లేదనీ, మనుషులకైతే సీలు ఉండదు గనుక మార్పులేవైనా అటువైపే జరగాలనీ నచ్చజెప్పాడు. ఆయా ఉద్యోగం ఖాళీగానే ఉంచారు. చొక్కాను మళ్లీ బొమ్మకు తొడిగారు.

ఆషాఢంలో గడువు తీరింది. అప్పయమ్మ ట్రంకు పెట్టెనూ, ఇద్దరు పిల్లలనూ వానలో బయటికి తెచ్చుకుంది. అదే పూట నలుగురు కూలీలు బొమ్మను గోనెపట్టాలో చుట్టి, జాగ్రత్తగా ఆ క్వార్టరులోకి చేర్చారు. స్టోర్సు కప్పు కారుతోంది, నమూనా తడవకూడదు.