ముగ్గు వద్దన్న రోజు

"ఈ ఒక్క పూట ముగ్గు మానెయ్యండి అత్తయ్యా. రాత్రి మీటింగులో మీరూ తలూపారుగా" అంటూ కోటేశ్వరి గుమ్మానికి అడ్డంగా నిలబడి చాలాసేపయింది.

ముగ్గు గిన్నె పట్టుకున్న సుబ్బరావమ్మ వెనక్కి తగ్గలేదు. "నేను తలూపింది వీధి ఊడవొద్దన్నందుకు. మన గుమ్మం సంగతి ఎవరూ అనలేదు. ముగ్గు లేని వాకిలి చూస్తే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు."

"అనుకోనివ్వండి. ఆ జాలితోనైనా బిల్డింగు ఇస్తారు."

గుంటూరు మిర్చి యార్డు వెనకున్న ఆ కాలనీలో ఆడవాళ్ళు చాలామంది మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళతారు. పిల్లల్ని వదిలి వెళ్ళడానికి ఉన్న అంగన్‌వాడీ ఒక పాత రేకుల షెడ్డు. వాన పడితే పైన కారుతుంది, ముందు మురుగుకాలవ పొంగుతుంది. అలాంటి రోజుల్లో తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని గోడౌనుకి పోతారు. పక్కింటి ఖుర్షిదా కూతురు ఆ ఘాటులో కూర్చుని కూర్చుని ఎప్పుడూ దగ్గుతూ ఉంటుంది. గోడ ఇవతల నుంచి ఆ దగ్గు విని విని, కోటేశ్వరి ఆడవాళ్ళందరినీ కూడగట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి ఒక ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి చూస్తానన్నారు. మంజూరైనది ఒకటే భవనం. అది వీళ్ళకైనా రావాలి, కాలవ అవతలి కాలనీకైనా పోవాలి. ఎక్కడ అవస్థ ఎక్కువుంటే అక్కడికి. అందుకే ఆవిడ వచ్చే రోజు ఎవరూ వీధి ఊడవకూడదని, కాలవ జోలికి పోకూడదని మీటింగులో అనుకున్నారు. అదృష్టం కొద్దీ రాత్రి వాన కూడా పడింది.

చివరికి నాలుగు గీతల ముగ్గుకి రాజీ కుదిరింది. ఆ నాలుగు గీతలూ చూసి ఎదురింటావిడ, మాట తప్పింది వీళ్ళే కదా అనుకుని పద్మం మొదలుపెట్టింది. పద్మం వెయ్యాలంటే కళ్ళాపి చల్లాలి. కళ్ళాపి చల్లాలంటే ఊడవాలి. ఆమె ఊడ్చిన చెత్త పక్కింటి ముందుకి వచ్చింది కాబట్టి వాళ్ళూ చీపురు పట్టారు. కోటేశ్వరి తలదువ్వుకుని బయటికి వచ్చేసరికి వీధి చివరిదాకా అద్దంలా ఉంది.

ఆమె షెడ్డు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ టెంట్లు అద్దెకిచ్చే గౌస్ బాషా మురుగుకాలవ పొడవునా పూల పరదా కట్టేసి, వెనక బస్తాడు బ్లీచింగు కుమ్మరించి, చేతులు దులుపుకుంటున్నాడు.

"ఆవిడ ఆడమనిషి కదమ్మా. ఆ కంపులో ఎలా నిలబడుద్ది?" అన్నాడు నొచ్చుకుంటూ.

షెడ్డు మీద కోటేశ్వరి భర్త అంకమ్మరావు ఉన్నాడు. మిర్చి కొట్లో గుమాస్తా. ఈ మీటింగుల గోల మనకెందుకని నిన్నటిదాకా సణిగిన మనిషి, కాయల మీద కప్పే కొత్త పట్టా ఒకటి కొట్టు నుంచి తెచ్చి రేకుల మీద పరుస్తున్నాడు. కింద పిల్లలు పండగ బట్టల్లో మెరిసిపోతున్నారు. ముతక బట్టలతో పంపితే ఏం బాగుంటుందని తల్లులు అనుకున్నారట.

"పిల్లల మీద చుక్కలు పడతా ఉంటే చూస్తా నిలబడమంటావా? ఆవిడెళ్ళాక తీసేస్తాలే" అన్నాడు అంకమ్మరావు.

ఎవరికీ బుద్ధి లేదని తిట్టుకుంటూ కోటేశ్వరి ఇంటికి వచ్చి, పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. అల్లం దంచింది. బంగారు అంచున్న కప్పులు అటక మీంచి దించింది. డిగ్రీ చదివే కూతురు శ్రీరమ్య గుమ్మంలో నిలబడి అదంతా చూసింది.

"నువ్వు కూడానా అమ్మా?"

"టీ వేరు" అంది కోటేశ్వరి.

ఆఫీసరమ్మ వచ్చారు. కాలవ అవతలి కాలనీ చూసి వస్తున్నారు. అక్కడ కూర్చోమని కుర్చీ కూడా వెయ్యలేదట, ఒక చెప్పు బురదలో దిగబడిపోయిందట. ఆవిడ చీర కుచ్చిళ్ళకి ఆ బురద ఇంకా ఆరలేదు. పరదా పక్కన కుర్చీలో కూర్చుని, టీ ఒక గుక్క తాగి, "చెప్పమ్మా, ఇక్కడ మీ ఇబ్బందులేమిటి?" అని అడిగారు.

కోటేశ్వరి ఆ ప్రశ్న కోసమే వారం నుంచి మాటలు పేర్చుకుంది. కారే రేకులు, పొంగే కాలవ, పక్కింటి పిల్ల దగ్గు, అన్నీ వరసలో ఉన్నాయి. కానీ ఎదుటి మనిషి నోట్లో బిస్కెట్టు ఉంది. తింటున్నవాళ్ళ ముందు ఇంటి బాధలు చెప్పకూడదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనిషి ఆమె.

"ఏదో సర్దుకుపోతున్నామండి" అంది.

తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. వెంటనే లేచి పరదా పక్కకి లాగింది. "అది కాదండి, ఈ కాలవ చూడండి."

మురుగు మీద బ్లీచింగు మీగడలా పరుచుకుని ఉంది.

ఆఫీసరమ్మ ముచ్చటపడ్డారు. ప్రభుత్వం వైపు చూడకుండా సర్దుకుపోయేవాళ్ళంటే తనకి ఎంతో గౌరవమని, ఈ కాలనీ గురించి పైవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతానని అన్నారు. ఫోటోలు తీసుకున్నారు. జీపు వెళ్ళాక గౌస్ బాషా పరదా విప్పి పెళ్ళికి పట్టుకుపోయాడు. పట్టా కొట్టుకి వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వాన పడింది.

భవనం కాలవ అవతలికి పోయిందని వారం తిరక్కుండానే తెలిసింది. ఆ పొద్దున ఖుర్షిదా కూతుర్ని చంకనేసుకుని గోడౌనుకి బయల్దేరుతూ గోడ దగ్గర ఆగింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఖుర్షిదా నాలుగు మాటలు అంటుందని, అంటే బాగుండునని కోటేశ్వరి ఎదురుచూసింది.

"నువ్వు మాత్రం ఏం చేస్తావక్కా. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేశావు" అని ఆమె వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగినా పిల్ల దగ్గు వినబడుతూనే ఉంది.

ఆ రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నారు. కోటేశ్వరి పప్పు వడ్డిస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. "సోమవారం నుంచి మన ముందు గది అంగన్‌వాడీకి ఇస్తున్నాను. టీచరుతో మాట్లాడాను. మనకి బిల్డింగు వచ్చేదాకా పిల్లలు ఇక్కడే ఉంటారు."

సుబ్బరావమ్మ ముద్ద కలపడం ఆపింది. శ్రీరమ్య తల్లి వంక చూసి, కంచంలోకి తల దించుకుంది. పోయిన దసరాకి కొన్న సోఫా ఉన్న గది వైపు అంకమ్మరావు ఒకసారి చూశాడు.

"ఎవరన్నా వస్తే ఎక్కడ కూర్చోబెడతాం?" అన్నాడు.

"సర్దుకుపోదామండి" అంది కోటేశ్వరి.

ఈసారి ఆ మాటను ఎవరూ మెచ్చుకోలేదు.