పెంకుల వీధి కుళాయి

ఆ శుక్రవారం ధనరాజు పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలకల్లా బల్ల ఖాళీ చేసుకుని పాతపట్నం బస్సెక్కాలి. అక్కడ తోడల్లుడి కొత్తింటి గృహప్రవేశం. భార్య శైలజ ముందురోజే వెళ్లిపోయింది. "భోజనాల వేళకి నువ్వు రాకపోతే మా అక్క ముందు నా పరువు పోతాది" అని పొద్దున్నే ఫోనులో మరోసారి హెచ్చరించింది కూడా.

ధనరాజు గెడ్డపేట మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంటు. సమాచార హక్కు కింద వచ్చే దరఖాస్తులకు జవాబివ్వడం కూడా అతని బాధ్యతే. నెలరోజులు గడువున్నా, దరఖాస్తును రెండో రోజు దాకా ఉంచుకునే అలవాటు అతనికి లేదు. ఆ మంచి అలవాటే ఆ రోజు కొంప ముంచింది.

అతను సంచీ సర్దుకుంటుండగా తపాలా చూసే అరుణశ్రీ ఓ కాగితం తెచ్చి పెట్టింది. "సార్, సమాచార హక్కు. ఎవరో ముసలమ్మ, తనే వచ్చి ఇచ్చి ఎలిపోయింది."

దరఖాస్తుదారు పేరు దేముడమ్మ, పెంకుల వీధి. అడిగింది ఒక్క ముక్క. గోడ గడియారం వైపు చూస్తూనే ధనరాజు దాన్ని చదివేశాడు. పెంకుల వీధి కుళాయి ఎక్కడ ఉందో తెలియజేయాలట.

ఆ వీధి పేరు చూడగానే సంచీ మీద చెయ్యి ఆగింది. అతను పుట్టి పెరిగింది అక్కడే. తెల్లవారకముందే ఆడవాళ్ల గొంతులు, బిందె అంచు కుళాయి మూతికి తగిలి ఖంగున మోగడం, అవే అతన్ని నిద్ర లేపే గడియారం. వరుసలో మనుషులే నిలబడాలని లేదు. ఇటుకముక్క ఉంటే అది జగ్గమ్మ. చిల్లుపడిన సత్తు గిన్నె దేముడమ్మ. తెగిన చెప్పు ధనరాజు వాళ్లమ్మ. ఆ చెప్పును ఎవరైనా వెనక్కి జరిపారా, ఆ పూట వీధికి వేరే వినోదం అక్కర్లేదు. నీళ్లు వచ్చే ముందు కుళాయి దగ్గేది. మొదట గాలి, తరువాత ఎర్రటి తుప్పు, ఆ తరువాత నాగావళి నీళ్లు.

ఇంటింటికీ కుళాయిలు వచ్చాక, సిమెంటు రోడ్డు వేసినప్పుడు దాన్ని పీకేశారు. పీకి ఎక్కడ పడేశారో అతనికి తెలియదు. కనుక్కుని ఒక ముక్క రాసిస్తే సరిపోతుందని ఇంజనీరింగు విభాగంలో గోవింద్‌కి ఫోను చేశాడు.

"గోవింద్ గారూ, పెంకుల వీధి కుళాయి ఎక్కడున్నాదో కాస్త సూసి సెప్పండి. సమాచార హక్కులో అడిగారు."

"అంటే, ఇనుము అమ్ముకు తినేశామంటన్నారా సార్? ఆ రోడ్డు ఏసినప్పుడు నాను ఉద్యోగంలోనే లేను. కాలేజీలో ఉన్నాను."

"నిన్నెవరన్నారయ్యా?"

"ఇలాగే మొదలవుతాది సార్," అని గోవింద్ ఫోను పెట్టేసి, తిన్నగా కమిషనర్ గదికి పరుగెత్తాడు.

కమిషనర్ కుసుమకుమారి ఆ వారమే కొత్తగా వచ్చింది. ఆ సమయానికి వేసవి నీటి ఎద్దడి మీద పై అధికారుల వీడియో సమావేశంలో ఉంది. గోవింద్ ఆమె చెవి దగ్గర వంగి, పెంకుల వీధి కుళాయి కనబడటం లేదనీ, ఎవరో సమాచార హక్కు కింద అడిగారనీ గొణిగాడు. పై అధికారులు ఒక చెవిలో ఉండగా, రెండో చెవికి చేరింది "పెంకుల వీధి, కుళాయి లేదు" అన్నంతవరకే. తన ఊళ్లో, నడివేసవిలో, కుళాయి లేని వీధి!

"ముందు ట్యాంకరు పంపించండి. కాగితం సంగతి తరువాత చూద్దాం" అంది.

పెంకుల వీధిలో ఆ వేళ అందరి ఇళ్లలోనూ కుళాయిలు శుభ్రంగా వస్తున్నాయి. ట్యాంకరు వచ్చి మలుపులో ఆగి హారను కొట్టింది. టిఫిను కొట్టు దాలయ్య అట్లకాడ పట్టుకునే బయటికొచ్చి చూశాడు.

"ట్యాంకరొచ్చిందంటే ఏటి? కుళాయి ఆగిపోతాదనే గదా! పట్టుకోండర్రా!"

ఇంకేముంది, వీధి వీధంతా నీళ్ల మీద పడింది. బిందెలు, బకెట్లు, గంగాళాలు అయ్యాక పసిపిల్లల స్నానాల తొట్లు, ఇడ్లీ పాత్రలు కూడా నింపారు. వాళ్లను చూసి పక్క వీధివాళ్లు, వీళ్లను చూసి ఆ పక్కవాళ్లు. కాసేపటికి ఊరి పెద్ద ట్యాంకు అడుగంటింది. అప్పుడు నిజంగానే ఊళ్లో కుళాయిలన్నీ ఆగిపోయాయి. భోగాపురంలో విమానాశ్రయం కోసం తవ్వుతుంటే మన పైపు తెగిపోయిందని ఎవరో అన్నారు. భోగాపురానికీ మన పైపుకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు.

ఆలస్యంగా వచ్చిన పాతపట్నం బస్సు మెట్టు మీద ధనరాజు ఒక కాలు పెట్టి ఉండగా కమిషనర్ ఫోను చేసింది.

"ధనరాజు గారూ, మీ దరఖాస్తు వల్ల ఊరంతా నీళ్లు ఆగిపోయాయి. మీరెక్కడున్నారు?"

అతను కాలు దించాడు. బస్సు వెళ్లిపోయింది. వెనకాలే శైలజ ఫోను. ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

తిరిగొచ్చేసరికి మున్సిపల్ ఆఫీసు గేటు ముందు వార్డు కౌన్సిలర్ తిరుమలరావు బైఠాయించి ఉన్నాడు. వెనకాల ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నినాదాలు చేస్తున్నారు. ఇళ్లలో బిందెలన్నీ నిండిపోవడంతో ధర్నాకు ఖాళీ బిందెలు పక్క ఊరి నుంచి అరువు తేవలసి వచ్చింది.

"ఏటి ధనరాజూ, పుట్టిన వీధికే ఇలాగ సేస్తావేటి?" అన్నాడు తిరుమలరావు, అందరికీ వినబడేలా. "మా కుళాయి మాకు కావాల!"

"కావాల! కావాల!" అన్నాయి బిందెలు.

కమిషనర్ కిటికీలోంచి చూసింది. సాయంత్రంలోగా పెంకుల వీధిలో కుళాయి పెట్టి తీరాలని అక్కడికక్కడే ఉత్తర్వు రాసింది. గోవింద్ మనుషులు స్టోర్సులో మిగిలిన పైపు తెచ్చి, తవ్వడానికి ఎక్కడ సులువుగా ఉందో అక్కడ, మలుపులో కరెంటు స్తంభం పక్కన, కుళాయి పాతేశారు.

పొద్దు వాలేసరికి ఊరి ట్యాంకు మళ్లీ నిండింది. కొత్త కుళాయి దగ్గింది. గాలి వచ్చింది, ఎర్రగా తుప్పు వచ్చింది, ఆ తరువాత తేటగా ధార పడింది. ఏ ఇంట్లోనూ చెంబుడు నీళ్లకు చోటు లేదు. అయినా ఆడవాళ్లంతా వచ్చారు. తాయారు ఎక్కడిదో ఇటుకముక్క తెచ్చి ముందు పెట్టింది. యమున దాన్ని కాలితో వెనక్కి తోసింది. "ఏటే, నీ అబ్బ సొమ్మా?" అని ఒకరంటే, "నా ఇటుక ముట్టుకుంటే సూడు!" అని మరొకరు. అందరూ ఒక్కసారి నవ్వేశారు. పక్కపక్క ఇళ్లలోనే ఉన్నా, ఎన్నేళ్లైందో వాళ్లంతా ఇలా ఒకచోట చేరి.

ధనరాజు వంగి దోసిలి పట్టాడు. నీళ్లు ఇనుము రుచిగా ఉన్నాయి. గృహప్రవేశం, శైలజ, రేపో మాపో రాబోయే మెమో, అన్నీ ఒక్క నిమిషం వెనక్కి వెళ్లిపోయాయి.

అప్పుడే దేముడమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఒకప్పుడు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బొబ్బిలి సంతదాకా వెళ్లొచ్చిన మనిషి. ఇప్పుడు మలుపుదాకా రావడానికే మూడుచోట్ల ఆగింది. ధనరాజు ఎదురెళ్లాడు.

"అప్పా, ఇదిగో మీ కుళాయి. పొద్దున్న అడిగారు, సాయంత్రానికి పెట్టించేశాం."

ఆమె కుళాయిని చూసింది, అతన్ని చూసింది. "కుళాయి ఎవులడిగారు బాబూ? మా ఇంట్లో రెండున్నాయి. పాత కుళాయి ఎక్కడుండీదో సెప్పమన్నాను. ఉండీదో!"

ధనరాజు జేబులోంచి కాగితం తీశాడు. 'ఉండేదో' అనే ఉంది. బస్సు తొందరలో నడుమ అక్షరాన్ని మింగేసింది తనే.

"అల్లదిగో, ఆ జగ్గమ్మ నేదా," అని ఎదురరుగు వైపు కర్ర చూపించింది. అక్కడ జగ్గమ్మ మొహం అటు తిప్పుకుని కూర్చుంది. "తనింటి ముందుండీదంటాది. మా ఇంటి ముందు గదా ఉండీది! ఆ మాట మీద మాటలు నేకుండా పోనాయి. నెలైపోనాది. నా ఈడుది ఈదిలో అదొక్కతే మిగిలింది. నానెవులితో మాటాడాల? గవర్నమెంటు కాయితం సూపెడితే అది నోరు మూసుకుని మాటాడతాదని అడిగాను."

జగ్గమ్మ ఇటు తిరిగింది. "సెప్పు బాబూ. మీయమ్మ మీద ఒట్టేసి నిజం సెప్పు."

ధనరాజుకు గుండె తేలికపడింది. పొద్దుటినుంచి ఊరంతా తలకిందులు చేసిన సమాచారం, తీరా చూస్తే అతనికి కంఠతా వచ్చినదే.

"ఇద్దరిళ్ల ముందూ కాదప్పా. మా ఇంటి ముందు. ఇప్పుడు సెల్‌ఫోను కొట్టున్నాదే, అక్కడ. మాయమ్మ అరుగు మీంచే బిందె సూసుకునీది."

ముసలమ్మలిద్దరూ నెల తరువాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇన్నావేటే జగ్గీ?"

"ఇన్నాను. నిక్కరు కూడా నేకుండా తిరిగీ గుంటడు, ఈడికేటి తెలుసే?"

"ఆళ్లమ్మే అంత. తెగిన సెప్పు పడీసి, మనకన్నా ముందు పట్టీసుకునీది."

"ఇప్పుడు కొడుకొచ్చి కుళాయి కూడా పట్టుకుపోతన్నాడు!"

జగ్గమ్మ అరుగు మీద పక్కకు జరిగింది. దేముడమ్మ కూర్చుంది. దీపాలు వెలిగేదాకా ఇద్దరూ ధనరాజు వాళ్లమ్మను తిట్టుకున్నారు. ఆవిడ దూకుడు, ఆవిడ నోరు, పండగపూట బిందె కోసం ఆవిడ చేసిన యుద్ధం. ధనరాజును ఎవరూ కూర్చోమనలేదు. అతను కరెంటు స్తంభానికి ఆనుకుని అలాగే నిలబడి విన్నాడు. అమ్మ పోయాక ఆవిడ గురించి ఇంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తిట్లే కావచ్చు, ఒక్కటీ వదులుకోబుద్ధి కాలేదు.

సోమవారం అతను ఆఫీసు భాషలో, సంతకం చేసి, ముద్ర వేసి, ఆ కుళాయి ఎవరి ఇంటి ముందు ఉండేదో తెలియజేస్తూ జవాబు పంపాడు.

గురువారం నాటి తపాలాలో, ఇచ్చిన సమాచారం శుద్ధ అబద్ధమని కమిషనర్ గారికి అప్పీలు వచ్చింది. కింద దేముడమ్మ, జగ్గమ్మ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.