ఆయన దాహం, ఆమె రిపోర్టు

ఆ ఉదయం దర్జీ అనుకున్నది చాలా చిన్న పని. భార్య క్లినిక్కుకు వెళ్లి వచ్చేలోగా రెండు చొక్కాలకు కాలర్లు ఎక్కించెయ్యాలి. భార్య వెళ్లేది తన జబ్బుకు కాదు. జబ్బు ఆయనది, వెళ్లేది ఆమె.

"గుర్తుందిగా? ఎన్ని నీళ్లు తాగినా గొంతు తడవట్లేదు. రాత్రంతా లేస్తూనే ఉన్నాను. నడుం దగ్గర ప్యాంటు జారిపోతోంది" అన్నాడు, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ప్యాంటు జారిపోతోందని నేను చెప్తే డాక్టరమ్మ నమ్ముతుందా?"

"బట్టలు వదులయ్యాయని చెప్పు. దర్జీ పెళ్లానివి, నమ్ముతుంది."

ఈ ఏర్పాటుకు మూలపురుషుడు ఆమె తమ్ముడు. బస్సు కండక్టరు. సర్కారు వైద్య బీమా ఇంట్లో అందరికీ ఉంది. పేటలో ఒక డాక్టరు దగ్గర పేరు రాయించుకుని, ఏ బాధ వచ్చినా ముందు ఆ డాక్టరుకే చూపించుకోవాలి. భార్య రాయించుకుంది. ఆయనా రాయించుకునేవాడే, కానీ బావమరిది అడ్డం పడ్డాడు. "బావా, బీమా అంటే కొత్త గుడ్డ తాను లాంటిది. జలుబుకో ముక్క, దగ్గుకో ముక్క కోసుకుంటూ పోతే, రేపు గుండె జబ్బొస్తే జేబురుమాలుకి కూడా మిగలదు" అన్నాడు. దర్జీకి తాను అంటే చెప్పాలా? ఆనాటి నుంచి తన బీమాకు కత్తెర తగలనివ్వలేదు. "నీదానికి ఎలాగూ బోణీ అయిపోయింది, నా సంగతి కూడా నువ్వే చెప్పెయ్" అని భార్యకు పురమాయించాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, కానీ అంతకన్నా ఎక్కువ భయం వేసింది. మనిషి కళ్లముందే చిక్కిపోతున్నాడు. ఆయనేమో ప్యాంటు నడుము లోపలికి కుట్టుకుని, పాత కుట్టు పక్కనే ఇంకో కుట్టు వేసుకుని, "చూశావా, కుర్రాణ్ణయిపోతున్నాను" అని మురిసిపోతున్నాడు. ఏదో ఒక దారిన డాక్టరు చెవిన పడితే చాలనుకుని ఆమె బయలుదేరింది.

డాక్టరమ్మ అంతా విని ఆమెను బరువు తూచింది. పోయినసారి కన్నా ఒక కిలో పెరిగింది. డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, రక్తం తీయించింది. ఆమె రక్తమే. ఇంకెవరిది తీస్తారు?

రిపోర్టు వచ్చింది. ఒక్క లోపం లేదు. భార్య నోరు తెరిచేలోగానే దర్జీ కాగితం లాక్కున్నాడు.

"చూశావా! నా రక్తం బంగారం!"

"అది నా రక్తమండీ!"

"బాధ నాదేగా! జబ్బే ఉంటే చిన్న గీతయినా పడేది కాదూ?" అని, ఆ సంతోషంలో మిఠాయి పొట్లం కొనుక్కొచ్చి, ఒక్కడే కూర్చుని ఖాళీ చేశాడు. మర్నాటికి దాహం రెట్టింపయింది. "వెళ్లి ఇంకాస్త గట్టిగా చెప్పు" అని మళ్లీ పంపాడు.

ఆమె గట్టిగానే చెప్పింది. కళ్లు మసకబారుతున్నాయంది. కాళ్లు లాగుతున్నాయంది. ఇన్ని బాధలు, ఇంత శుభ్రమైన రక్తం! డాక్టరమ్మకు దడ పుట్టింది. "రేపు మీవారిని తీసుకురండమ్మా, మాట్లాడాలి" అంది.

మర్నాడు దర్జీ, జారే ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"మీ ఆవిడ జబ్బు నాకు అంతుపట్టట్లేదండీ. పెద్దాసుపత్రికి రాసిస్తాను. కొన్నాళ్లు అక్కడే ఉంచుకుంటారేమో."

దర్జీ గుండె జారిపోయింది. భార్యను ఉంచేసుకుంటారని కాదు, తన జబ్బు అంత పెద్దదా అని. బల్ల మీది జగ్గు ఎత్తి నీళ్లన్నీ గటగటా తాగేశాడు. "మరుగుదొడ్డి ఎటండీ?" అన్నాడు. వచ్చి కూర్చుని ఇంకో జగ్గు అడిగాడు. రెండోసారి మరుగుదొడ్డి దారి అడగలేదు, తెలుసు కాబట్టి.

డాక్టరమ్మ ఆయన్నీ, ప్యాంటునీ, ఖాళీ జగ్గునీ చూసింది. లేచి వచ్చి, ఆయన వేలు పట్టుకుని సూది గుచ్చింది.

"అయ్యో, నాది బోణీ చేసేశారే!" అని కేకపెట్టాడు దర్జీ.

షుగరు మీటరు చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. అప్పుడు భార్య నోరు తెరిచింది. గుడ్డ తాను, కత్తెర, తమ్ముడు, మిఠాయి, అన్నీ బయటపెట్టి, కళ్లు తుడుచుకుంది. "ఈయనకేమైనా అయితే నేనేం చెయ్యాలండీ?"

"ఇంకో వారం ఆగుంటే స్పృహ లేకుండా మోసుకొచ్చేవాళ్లు" అంది డాక్టరమ్మ. "ఇది గుడ్డ తాను కాదండీ, ఎన్నిసార్లు వచ్చినా తరగదు. నాకు చూపించుకోవడం ఉచితం. పెద్ద జబ్బు దాకా పోకుండా ఉండటానికే నేనిక్కడ కూర్చున్నాను."

దర్జీ అక్కడికక్కడే పేరు రాయించుకున్నాడు. మందులు మొదలయ్యాయి, దాహం తగ్గింది. ఉచితమని తెలిశాక ఇక ఆయన్ని ఆపేవాళ్లు లేరు. తుమ్మొచ్చినా క్లినిక్కే, తుమ్ము రాకపోయినా క్లినిక్కే.

ఒక సాయంత్రం భార్య గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంటుంటే అడిగాడు, "ఏమిటే అలా?"

"మోకాలండీ. ఎన్నాళ్లనుంచో. వెళ్లినప్పుడల్లా మీ దాహం గురించి చెప్పడంతోనే సరిపోయింది, నా సంగతి చెప్పుకోనే లేదు."

దర్జీ నిజంగానే చలించిపోయాడు. "అయ్యో పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ? నువ్వేం కదలకు. రేపు ఎలాగూ వెళ్తున్నాను, నీ మోకాలు కూడా నేనే చూపించుకొచ్చేస్తాను."

భర్త క్షేమం కోరి, ఆమె ముందుగా కత్తెర తీసి తన చేతికి అందనంత దూరంలో పెట్టింది.