బతుకు పరీక్షలో పదకొండో రూలు

మా వంకకు వరదొచ్చి మారెమ్మ గుడి మెట్లు ముంచిన ఏడాదికి ఏడో ఏట జరిగింది ఇది. (ఆ తర్వాత లెక్కపెట్టుకునేదానికి ఇంకో వరద రాలా.) మనిషి బతకడం వేరు, బతకగలడని కాయితం మీద తేలడం వేరు అని సర్కారు కనిపెట్టింది ఆ ఏడే.

నా చెల్లెలు తిరుపాలమ్మకు పుట్టుచెవుడు. మాటా లేదు. మొగుడు పోయినాక ఇస్కూల్లో అరవై మంది పిల్లోళ్లకు మధ్యాన్నం అన్నం వండి బతుకుతాండాది. ఒక్కనాడూ మాడింది లేదు. కొత్త ఉత్తర్వు ఏమంటే, చెవుడున్న వంటమనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోగలదని నూటికి నలభై మార్కులతో రుజువు చేయాల. లేకుంటే గరిటె ఇంకొకరికి ఇచ్చేయాల. చెవులున్నవాళ్లకు పరీక్ష లేదు. (చెవులుంటే పాసైనట్లే.)

శుక్రవారం పొద్దున దైనందిన సామర్థ్య మూల్యాంకనాధికారి (తాత్కాలికం) దివాకర్ సార్ ఇస్కూలు కాడ జీపు దిగినాడు. జీపు ఆయన్ను దించి ముందు ఊరికి పోయింది. తెల్లారి బస్సుకు పామిడికి పోతానన్నాడు. ముందు రూళ్లు చదివినాడు.

"సాయం చేసేవాళ్లు సైగ చేస్తే ఆ ప్రశ్నకు సగం మార్కులు కోత. పదకొండో రూలు, అడగందే సాయగాడు నోరు తెరవకూడదు. అర్థమైందా పెద్దాయనా?"

ఆమెకు సైగలతో చెప్పే సాయగాణ్ని నేనే. తల ఊపినా. నోరు తెరవకుండా ఉండే ఉద్యోగం నాకు అంతవరకూ ఎవరూ ఇయ్యలా.

మొదటి ప్రశ్న, పేరు పెట్టి పిలిస్తే పలుకుతాదా అని. సార్ ఆమె వెనక నిలబడి మూడుసార్లు పిలిచినాడు. వీధి చివర కుక్క తిరిగి చూసింది. తిరుపాలమ్మ బియ్యం కడుగుతానే ఉండాది. సున్నా. (కుక్కకు మార్కులు వేసే గడి ఫారంలో లేదు.)

"ఆయమ్మకు చెవుడు గదా సార్," అనింది పక్కింటి రామసుబ్బమ్మ.

"చెవి సంగతి వేరే డిపార్టుమెంటమ్మా. నేను చూసేది బతుకు."

"అట్లయితే మా ఆయప్పను చూడండి. చెవులు రెండూ బాగుండాయి. నేను చెప్పింది ముప్పై ఏండ్లుగా వినలా."

రెండో ప్రశ్న, వాన పడితే గొడుగు పట్టుకుంటాదా. వానకు సైగ ఎట్లనో నేను కాసేపు గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. వేళ్లు కిందికి రాల్చి చూపిస్తే తిరుపాలమ్మ ఆకాశాన్ని చూసి, నన్ను చూసి, పడీపడీ నవ్వింది. 'సందర్భం లేని నవ్వు' అని సార్ రాసుకున్నాడు.

మూడోది, కుక్కరు ఈలలు లెక్కపెట్టి పొయ్యి ఆర్పుతాదా. అరవై మందికి వండే డేగిసాకు ఈల ఉండదు. ఆమె ఆవిరి చూసి, వాసన చూసి దించుతాది. సార్ ఆ అన్నమే రెండుసార్లు పెట్టించుకొని తిన్నాడు. బాగుండాదన్నాడు. ఈల లేకుండా ఉడికింది కాబట్టి సున్నా.

నాలుగోది, బస్సు హారన్ విని స్టాపుకు పోతాదా. సార్ పుస్తకంలో బస్సు బొమ్మ చూపించినాడు. తిరుపాలమ్మ గుత్తి రోడ్డు వైపు చెయ్యి చాపి, పిడికెడు మన్ను తీసి గాల్లోకి ఎగరేసి, గబగబా నాలుగడుగులు నడిచి చూపించింది. ఊర్లో ఎవురైనా అదే చేస్తారు. మా బస్సు హారన్ పోయి రెండేండ్లయింది. ఆ రోడ్డు మీద దుమ్ము లేస్తే మేము లేస్తాం. స్టాపులో మనిషి లేకుంటే డ్రైవరు ఆపడు.

"సార్, బస్సుకు హారన్..." అని నోరు తెరిచినా.

"పదకొండో రూలు," అన్నాడు సార్, నా మొగం చూడకుండానే. 'మట్టితో ఆడుకొనుట' అని రాసి సున్నా పెట్టినాడు.

తక్కిన ప్రశ్నలన్నీ ఆమె సరిగ్గానే చెప్పింది. నా చేతులు కదిలినందుకు వాటిల్లో సగం సగం పోయినాయి. పొద్దు గూకేటప్పటికి ముప్పై ఎనిమిది తేలింది.

"రెండే గదా సార్. ఆ నవ్వుకొకటి, మీరు తిన్న అన్నానికొకటి వేయండి," అనింది రామసుబ్బమ్మ.

"నా చేతిలో లేదమ్మా. రేపు పది గంటలకు ఈ ఫారం పామిడి ఆఫీసులో పడాల. పడితే సోమవారం కొత్త వంటమనిషి వస్తాది. పడకపోతే పరీక్ష జరగనట్లే లెక్క. వచ్చే ఏడు దాకా ఎవరు ఎట్లుంటే అట్లే."

నేను చేతులతో తిరుపాలమ్మకు చెప్పినా. ఆమె గరిటె కడిగి, తుడిచి, మళ్లా కడిగింది.

మరుసటి రోజు పొద్దున సార్ మా అరుగు మీద, ఒళ్లో సంచి పెట్టుకొని, చెవి రోడ్డుకేసి కూర్చున్నాడు. దినానికి ఉండేది ఆ ఒక్క బస్సే. ఆరున్నరకు గుత్తి రోడ్డు మీద దుమ్ము లేసింది. తిరుపాలమ్మ పరిగెత్తుకొచ్చి, పిడికెడు మన్ను తీసి సార్ ముందర ఎగరేసింది.

"మార్కులు నా చేతిలో లేవమ్మా," అన్నాడు సార్, పాపం, మెత్తగానే.

ఆమె నా తుండుగుడ్డ పట్టి గుంజింది. ఆయన్ను చూపించి, దుమ్మును చూపించి, చెప్పమనింది. నేను సార్ వైపు చూసినా. ఆయన నన్ను ఏమీ అడగలా.

గోడకు ఆనుకొని, దుమ్ము అణిగిందాకా రూలు పాటించినా.