ఇంటు గుర్తులు

ఆదివారం పొద్దున్నే వెళ్ళి తమలో ఒకరి పెద్దమ్మ ఉండే వీధిని కొలిచేసి, కాఫీ తాగి, ఎండెక్కకముందే హాస్టలుకు వచ్చి పటం గీసేయాలనుకున్నారు అమ్మాయిలిద్దరూ. పట్టణ ప్రణాళిక చదివే వాళ్ళకు ఏడాదంతటికీ ఒకటే ఉమ్మడి ప్రాజెక్టు. ఒక ఇరుకు వీధిలో మనుషులు నడవడానికి ఎంత చోటు మిగిలిందో కొలిచి, దాన్ని పెంచే దారి చూపించాలి. కొలతలు తప్పితే ఏడాది మళ్ళీ చదవాలి. బృందంలో నలుగురుండాలి గానీ, సరిగ్గా కొలతల రోజునే ఇద్దరికి జ్వరం వచ్చింది. మిగిలినవాళ్ళలో ఒకామె లీడరు, ఎవరూ ఎన్నుకోకపోయినా. రెండో అమ్మాయి దేనికైనా ముందుగానే దిగులుపడిపోతుంది కనుక క్లాసంతా ఆమెను బెంగమ్మ అంటుంది.

వీధిలోకి పొడుచుకొచ్చిన మెట్ల మీదా, టైలరు రేకుల పందిరి గుంజల మీదా, కొలిచినట్టు గుర్తుండాలని లీడరు ఎర్ర సుద్దతో ఇంటు గుర్తులు పెట్టుకుంటూ పోయింది. టైలరు మిషను ఆపి, ఇవెందుకని అడిగాడు.

"ప్రాజెక్టు కోసమండీ," అంది బెంగమ్మ వినయంగా.

టైలరుకు తెలిసిన ప్రాజెక్టు ఒకటే. వాళ్ళ అత్తగారి ఊరు దాని కిందే మునిగింది.

సాయంత్రానికి బెంగమ్మకు వాళ్ళ పెద్దమ్మ ఫోను చేసింది. "ఏమే, వీధి లేపేస్తున్నారటగా? సొంత పెద్దమ్మకైనా ఒక్కమాట ముందు చెప్పొద్దూ?"

బెంగమ్మకు అన్నం దిగలేదు. మర్నాడు లీడరును వెంటబెట్టుకుని పరుగెత్తింది. తాము ఉత్త విద్యార్థులమని ఇంటింటికీ చెప్పింది. మొదట అలా పిల్లల్నే పంపుతారని టైలరు అందరికీ వివరించాడు. ఇదంతా చదువు కోసమేనని నమ్మించడానికి లీడరు, మున్ముందు వీధి ఎలా ఉండాలో తను రంగులేసిన పటం విప్పి చూపించింది. అందులో చెట్లున్నాయి, బెంచీలున్నాయి, పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఎవరి మెట్లూ లేవు. పందిరి అసలే లేదు.

"ఇది కాగితం మీదేనండీ," అంది బెంగమ్మ.

"ఏదైనా ముందు కాగితం మీదే కదమ్మా ఉండేది," అన్నాడు టైలరు.

మెట్లు మనమే తీసేస్తే ఇళ్ళ జోలికి రారని వీధివాళ్ళు ఆ సాయంత్రమే తీర్మానించుకున్న సంగతి ఇద్దరికీ తెలియదు. ఆదివారం కొలిచి, మెట్లూ పందిరీ ఉన్నవున్నట్టు గీసిన పాత పటాన్ని ప్రొఫెసరుకు ఇచ్చేసి, ఇక గండం గడిచిందనుకున్నారు.

బుధవారం ప్రొఫెసరు పటం చేతపట్టి, ఇద్దరినీ తన కారులో ఎక్కించుకుని తనిఖీకి బయల్దేరారు. కారు వీధి మొదట్లో ఆగాలి. ఆగలేదు. తిన్నగా లోపలికెళ్ళి పెద్దమ్మ గుమ్మం పక్కన నిలిచింది. మెట్లు లేవు, పందిరి లేదు, ఊడ్చినట్టుంది వీధి.

"పటంలో ఇక్కడ మెట్లున్నాయే?"

"ఉండేవి సార్."

"పటంలో గీయాల్సింది ఉండేవి కాదు, ఉన్నవి."

గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ, ముక్కాలిపీట మీద కాలుపెట్టి జాగ్రత్తగా కిందికి దిగింది. "మా పిల్ల ప్రాజెక్టని ముందు మా మెట్లే కొట్టించాను సార్. నన్ను చూసి అందరూ కొట్టించుకున్నారు. నాలుగు మార్కులు ఎక్కువేయండి."

"తన మెట్టు తానే పడగొట్టుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదమ్మా," అన్నారు ప్రొఫెసరు. హాస్టల్లో కూర్చుని ఊహించి గీసేశారని ఆయనకు రూఢి అయిపోయింది. మళ్ళీ కొలిచి రేపు సాయంత్రానికి పటం ఇవ్వకపోతే ఏడాది పోయినట్టేనని చెప్పి వెళ్ళిపోయారు. బెంగమ్మ అక్కడే, ఒకప్పుడు మెట్లున్న చోట, కూలబడింది.

మర్నాడు టేపు పట్టుకుని వెళ్ళేసరికి, మెట్లు తీసిన చోటల్లా కార్లు నిలిపి ఉన్నాయి. నిన్న సారు కారు పట్టడం చూసి పక్క వీధివాళ్ళు కూడా తెచ్చి పెట్టేశారని చెప్పాడు టైలరు. మిషను రెండు కార్ల మధ్య ఇరికించుకుని కుడుతున్నాడు. బెంగమ్మ ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొలిచింది. మనుషులు నడవడానికి మిగిలిన చోటు పాత పటంలో ఉన్నంతే ఉంది. ఒక్క అంగుళం తేడా లేదు.

లీడరు పాత పటంలోనే 'మెట్లు' అన్న చోటల్లా చెరిపి 'కారు' అని రాసి ఇచ్చేసింది.

ఈసారి కొలతలు బాగా తీశారని ప్రొఫెసరు మెచ్చుకున్నారు.